వైమానికుడు – స్వయంచాలక యంత్రము

పూర్వము కృష్ణా డెల్టా రైతులు ధాన్యపు బస్తాలను బండ్లకెత్తి రాత్రివేళ పయనమగుచుండెడివారు. ఎడ్లు దారి ఎరిగినవి. బండివాడు పగ్గములు వదలి బస్తాలపై కునికినను, తెల్లవారుసరికి బండి ఊరు చేరెడిది. కాని ఒక రాత్రి కాలువగట్టు తెగినదనుకొనుడు. ఎడ్లు బెదరి నిలిచిపోవును. నిద్రకన్నులతో లేచిన బండివాడు చీకటిలో ఏ పగ్గము లాగవలెనో తోచక బండిని కాలువలోనికే త్రోలవచ్చును.

నేడు గన్నవరమునుండి ఎగురు విమానములకును అట్టి ఎడ్లు కలవు. వానినే ఆటోపైలట్ అందురు. 1914లో పారిసు నగర సమీపమున లారెన్సు స్పెర్రీ అను అమెరికా యువకుడు, ఎగురుచున్న విమానములో చేతులు పైకెత్తి చూపగా జనులు విభ్రాంతులైరి. నేడు అట్టి యంత్రమే దిక్కును, ఎత్తును, వేగమును కాపాడుచున్నది. దానికి అలసట లేదు. పొగమంచులోను అది తోడ్పడును. అందువలన విమానయానము మునుపటికంటె క్షేమకరమైనదనుట నిజము.

అయినను 2009 జూన్ 1న జరిగిన దుర్ఘటనను మరువరాదు. రియో డి జనీరోనుండి పారిసుకు పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానమునకు వేగము తెలుపు గొట్టములలో మంచు చేరినది. లెక్క తప్పుటచే ఆటోపైలట్ తప్పుకొని, విమానమును మనుష్యుల చేతికి విడిచినది. ముక్కును దింపవలసినచోట పైకెత్తిరి. రెక్కలకు గాలి ఊత తప్పినది. అయిదు నిమిషములలోపుననే విమానము సముద్రమున పడి 228 మంది మరణించిరి. ఆ వైమానికులు అజ్ఞానులు కారు. అంత ఎత్తున అట్టి స్థితిలో చేతితో నడపు శిక్షణ వారికి లభింపలేదని విచారణలో తేలినది.

అదే సంవత్సరము జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి ఒక విమానపు రెండు ఇంజనులును శక్తి కోల్పోయినవి. కెప్టెన్ సలెన్‌బర్గర్ దానిని స్వహస్తముతో నడిపి హడ్సన్ నదిపై దింపెను. 155 మందియు బ్రతికిరి.

మానవుడు పొరపాటు చేయును గనుక సర్వమును యంత్రమునకే అప్పగింపవలెనని కొందరందురు. కాని యంత్రము తాను చేయగలిగినంతకాలము చేసి, చేయలేని క్షణమున మనుష్యునికే విడుచుచున్నది. సులభమైన పని యంత్రమునకు, కఠినమైన పని మనుష్యునికి మిగులుచున్నవి. నిత్యము సాధన లేనివాడు ఆ కఠిన క్షణమున ఏమి చేయగలడు? కావున ఆకాశము నిర్మలముగా నున్న దినములలో వైమానికులు విమానమును చేతితో నడుపుచుండవలెను. అమెరికా విమానయాన శాఖయు 2013లో విమాన సంస్థలకు ఇట్టి సూచననే చేసినది.

విద్యార్థులారా! అభ్యాసము కూసువిద్య అని పెద్దలందురు. కూడిక రానివానికి గణనయంత్రము తప్పు చూపినను తెలియదు. ఎడ్లను నమ్ముడు, కాని పగ్గములు మీ చేతనే ఉండవలెను.