ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకండి!

మిర్యాలగూడలో ఉండే మా మేనమామకు ఆ మధ్య కామెర్లు వచ్చాయి. తగ్గుతున్నాయనగా చేయించిన రక్తపరీక్షలో ‘ఏఎఫ్‌పీ’ కాస్త ఎక్కువగా కనిపించింది. ఇంట్లో ఇంజినీర్‌ని నేనే కదా! ఫోన్‌లో వెతికి ‘లివర్ క్యాన్సర్ కావచ్చు’ అనేశాను. ఆ రాత్రి అత్తయ్య అన్నం ముట్టలేదు. మర్నాడు డాక్టర్ గారు స్కాన్ చూసి, లివర్ కోలుకుంటోందని, కొన్ని వారాలాగి మళ్లీ చేయిద్దామని చెప్పారు. రెండోసారి అంకె దిగింది.

ఏఎఫ్‌పీ అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్. గర్భంలో శిశువు కాలేయం దీన్ని బాగా తయారుచేస్తుంది. పుట్టాక పడిపోతుంది. పెద్దవాళ్లలో కాలేయం దెబ్బతిని కొత్త కణాలు పుట్టేటప్పుడు మళ్లీ పెరగొచ్చు. క్యాన్సర్‌లోనూ పెరగొచ్చు. కోలుకునేవాళ్లలో పెరిగి తగ్గుతుంది, క్యాన్సర్‌లో తరచూ పెరుగుతూనే పోతుంది. కొందరికి క్యాన్సర్ ఉన్నా అసలు పెరగదు. అందుకే ఒక్క రిపోర్టు చాలదు.

ఇందులో మనకేం పని అంటారా? ‘ఇండియన్ లివర్ పేషెంట్ డేటాసెట్’ పేరు వినే ఉంటారు. మినీ ప్రాజెక్టులకు చాలామంది వాడేదే. అది ఆంధ్రప్రదేశ్ ఈశాన్య ప్రాంతంలో సేకరించిన 583 మంది వివరాలు. ఆల్బుమిన్, మొత్తం ప్రొటీన్ల కొలతలు అందులో ఉన్నాయి. 416 మంది కాలేయ రోగులు. అంటే అందరికీ ‘జబ్బుంది’ అని చెప్పినా 71 శాతం కరెక్టే! అదే అంకెను ‘అక్యురసీ’ అని రెజ్యూమెలో రాసుకుంటే ఇంటర్వ్యూలో దొరికిపోతాం. పైగా మహిళలు 142 మందే. ఒక్కొక్కరికి ఒక్క వరుసే, నెల తర్వాత ఏమైందో అందులో లేదు.

వైద్యులు వాడే ‘గలాడ్’ స్కోరు చూడండి. వయసు, లింగం, మూడు రక్త ప్రొటీన్ల కొలతలు కలిపి క్యాన్సర్ అవకాశాన్ని లెక్కిస్తుంది. లోపల ఉన్నది మనం సెమిస్టర్‌లో చదివిన లాజిస్టిక్ రిగ్రెషనే. లెక్క తెలిస్తే చాలదు, ఏ ప్రొటీన్ ఎందుకు మారుతుందో కూడా తెలియాలి.

సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కోదాడలో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. మధ్య దూరం గంట ప్రయాణం. ఇంకో కోడింగ్ కోర్సుకు డబ్బు కట్టేముందు ఒక ల్యాబ్ టెక్నీషియన్‌తోనో, బయోకెమిస్ట్రీ చదివే స్నేహితుడితోనో కూర్చుని ఒక లివర్ రిపోర్టు చదవండి. కోడ్ రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. అంకె వెనకున్న మనిషిని చూడగలిగేవాళ్లే తక్కువ.