వైద్యమునకు బేరమాడువా రెవ్వరు?

2025వ సంవత్సరమున తోతాపురి మామిడికి కిలో 12 రూపాయల ధర నిర్ణయమైనప్పుడు బంగారుపాళ్యము సంతలో జరిగిన సంభాషణలు పాఠకులకు జ్ఞాపక ముండును. అందు 8 రూపాయలు గుజ్జు కర్మాగారములు ఈయవలసినవి, తక్కిన 4 రూపాయలు ప్రభుత్వము ఈయవలసినవి. ఎవ్వరెంత యిచ్చిరో, ఎవ్వరు జాప్యము చేసిరో రైతులకు కంఠస్థము. ఒక్క రూపాయి కొఱకు అంత పట్టుదల చూపు వారే, తమ రోగములకు ప్రభుత్వము ఎవ్వరితో, ఎంతకు, ఏ షరతులపై వైద్యము కుదిర్చినదో ఒక్కనాడును అడిగి యెఱుగరు.

వైద్యముకూడ నేడు కొనబడుచున్న వస్తువే. 108 వాహనము నడుపుటకు ఒక సంస్థతో ఒప్పందము; పల్లెకు వచ్చు 104 వాహనమునకు ఒప్పందము; రక్తపరీక్షలకు, మందులకు, తుదకు ఆసుపత్రి తుడుచుటకును ఒప్పందమే. 2005లో 108 సేవ ఆరంభమైన నాటనుండి దానిని నడుపు సంస్థలు పలుమార్లు మారినవి. మారినప్పుడెల్ల బంగారుపాళ్యము వారికి తెలిసినది వాహనముపై రంగు మాత్రమే. ఎన్ని నిమిషములలో రావలెనని వ్రాసికొనిరి? రాకున్న జుల్మానా యెంత? ఆ జుల్మానా యెన్నడైనను వసూలైనదా? ఈ ప్రశ్నలు వ్యర్థకుతూహలమువలన బుట్టినవి కావు. పలమనేరు దారిలో మొగిలి కనుమ మన మండలములోనిదే. 2024 సెప్టెంబరులో అచ్చట బస్సు, లారీ ఢీకొని పలువురు మృతిచెందిరి. అట్టి దారి ప్రక్కన నివసించువారికి, వాహనము పది నిమిషములలో వచ్చునా, నలుబది నిమిషములలో వచ్చునా యనునది ప్రాణముతో బేరము.

ఈ బేరము ఒకప్పుడు ఇంత దూరమున జరుగలేదు. 1920 నాటి చెన్నపురి స్థానికసంస్థల చట్టము వైద్యశాలలు నెలకొల్పి నడుపు అధికారమును బోర్డుల కొసగినది. 1924లో ఆ రాజధాని ప్రభుత్వము వేఱొక మార్గముగూడ త్రొక్కినది: పట్టణము విడిచి పల్లెలో కాపురముండు డాక్టరునకు బోర్డుద్వారా కొంత సొమ్ము ఇచ్చుట, అతడు పేదలకు ఉచితముగా చికిత్స చేయుట, కలవారివద్ద రుసుము గైకొనుట. అది స్వర్ణయుగమని మేమనము. బోర్డులు భూస్వాముల చేతిలో నుండెను. డాక్టరు గారి గడప మాలమాదిగపల్లెలకు ఎంత దూరమో మన పెద్దలకు తెలియనిది కాదు. అయినను డాక్టరు రానిచో అడుగుటకు బోర్డు మెంబరొకడు సంతలోనే కనబడుచుండెను. నేడు కనబడువా డెవ్వడు?

1943లో నియమింపబడి 1946లో నివేదిక నిచ్చిన భోర్ సంఘము ఐదుగురు మొదలు ఏడుగురు సభ్యులుగల ఆరోగ్యసంఘము ప్రతి గ్రామమునను ఉండవలెనని చెప్పెను. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, ఆసుపత్రులను, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను, డిస్పెన్సరీలను పంచాయతీలకు అప్పగింపదగిన విషయముల పట్టికలో 23వదిగా చేర్చెను. 15వ ఆర్థికసంఘము 2021 మొదలు 2026 వఱకు స్థానికసంస్థల మార్గమున ఆరోగ్యమునకు దేశమంతటికిని 70,051 కోట్ల రూపాయలను సిఫారసు చేసెను. కాగితముపై అంతయు మనదే! కాని పట్టికలో చేర్చుట వేఱు, తాళపుచెవి యిచ్చుట వేఱు. అప్పగింతను రాష్ట్రముల ఇష్టమునకు విడిచినందున, సర్పంచికి దక్కినది ప్రారంభోత్సవమున రిబ్బను పట్టుకొను అధికారమే.

ప్రైవేటు సంస్థలపై మాకు ద్వేషము లేదు. పొరుగున తవణంపల్లె మండలములోని అరగొండలో అపోలోవారు ఆసుపత్రి నడుపుచున్నారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటను అచ్చటి దూరవైద్య కేంద్రమును ప్రారంభించెను. దాతయైనను, వర్తకుడైనను, సర్కారైనను, చేయు వాడెవ్వడన్నది మాకు రెండవ ప్రశ్న. చేయించువా డెవ్వడన్నదే మొదటిది. ఇంగ్లండులో 2013 ఏప్రిలునుండి స్థానిక డాక్టర్ల సంఘములకే సేవలను కొను అధికార మిచ్చిరి. 2022 జూలైలో వానిని రద్దుచేసి 42 పెద్ద బోర్డులను నిలిపిరి. అధికారమును కొంత క్రిందికి దింపుట మాత్రము చాలదని దీనివలన మాకు తోచుచున్నది. అచ్చటను కొనువాడు డాక్టరే గాని రోగి కాడు.

పంచాయతీల కిచ్చినచో ముఠాలు చేరునని మిత్రులు కొందఱందురు. చేరును, చిత్తూరు జిల్లాలో ముఠాలు లేనిది దేనియందు? కాని ఊరి ముఠా తగవు పదిమంది యెదుట జరుగును, రాజధాని కచేరీలోని తగవు తలుపులు మూసి జరుగును. పెద్దయాసుపత్రుల యంత్రములను, మందుల మొత్తపు కొనుగోలును మండలమునకు దింపుమని మేము కోరుట లేదు. అందు రాష్ట్రమంతయు నొక్కటిగా బేరమాడుటయే లాభము. మేము కోరునది చిన్నది. మండలములో జరుగు సేవకు మండల పరిషత్తు ధ్రువపత్ర మిచ్చినగాని బిల్లు చెల్లరాదు. 108 వాహనము ఏ పిలుపునకు ఎన్ని నిమిషములలో వచ్చినదో రోగుల పేర్లు లేకుండ నెలనెలా ప్రకటింపవలెను. ఆ ధ్రువపత్రముపై సంతకము చేయువారిలో ఆశా కార్యకర్త యొకతె, దళితవాడ ప్రతినిధి యొకడు ఉండితీరవలెను. లేనిచో పాత బోర్డే మరల లేచి కూర్చుండును.

ఈ పత్రిక చదువు వారిలో అనేకులు జ్వరము వచ్చిన రాత్రి సొంతకారులో వేలూరు పోగలవారు. అందుచేతనే యింతకాలము ఈ ప్రశ్న అడుగబడలేదని మా యనుమానము. తోటలో కాయ కోయు కూలీకి పాము కఱచినప్పుడు అతని చేతిలో నుండునది ఫోనొక్కటే. రాబోవు గ్రామసభకు మీరు పోయి, 108 ఒప్పందము ప్రతిని అధికారి నడుగుడు. అది తెనుగున ఉండవలెననియు, సభయెదుట మొదటినుండి చివరివఱకు చదువవలెననియు అడుగుడు.