అచ్చులో దొరకని జట్టు

మన కళాశాల వార్షిక సంచికను కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు. ఎటునుండి తెరచినా క్రీడా కార్యదర్శి నివేదికకు దక్కేది ఒక్క పుట మాత్రమే. కథలు చదువుతాము, కవితలు చదువుతాము, ఆ పుటను మాత్రం తిప్పివేస్తాము. యాభై సంవత్సరముల తరువాత ఈ సంచికలో ఎవరైనా వెదకి చదివే పుట ఏదైనా ఉంటే అది అదేనని నా అభిప్రాయము. ఇది అతిశయోక్తిగా తోచవచ్చును. అట్లు తలచుటకు కారణమైన ఒక జట్టును గురించి ముందుగా మనవి చేస్తాను.

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు పేరు నేటి విద్యార్థులలో ఎందరు విన్నారో తెలియదు. బొంబాయిలో జరుగుతుండిన రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు ఆ జట్టే గెలుచుకున్నది. డ్యూరాండ్ కప్పును 1950లోను, 1954లోను, 1957లోను గెలిచి, ఆంధ్ర పోలీస్ అన్న పేరుతో 1961లో మరల గెలిచినది. కలకత్తా జట్లే ఫుట్‌బాలుకు సర్వస్వమని దేశమంతా నమ్ముతున్న కాలములో దక్కను నుండి వెళ్ళిన పోలీసు ఉద్యోగులు సాధించిన విజయములివి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటివారు అందులో ఆడి 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశము తరఫున నిలిచారు.

ఈ జట్టును తీర్చిదిద్దినవాడు ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా పట్టభద్రుడు, ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి చనిపోయేవరకు ఆ బాధ్యత వహించాడు. ఆయన పద్ధతులలో నాకు మిక్కిలి నచ్చినవి రెండు. బంతిని కాలితో ఆడించుకుంటూ ఒంటరిగా పోవుటను నిషేధించి పోటీలు పెట్టేవాడు. అందరూ బంతిని ఒకరికొకరు అందించుకోవలసినదే. అట్లే అలవాటైన కాలితో తన్నరాదని, రెండవ కాలితోనే ఆడవలెనని ఇంకొక రకం పోటీలు. ఎడమచేతితో దస్తూరీ వ్రాయించే పంతులుగారిని ఎవరైనా చూచి ఉంటే ఆయన కొంత అర్థమవుతాడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకము గెలిచినది. మెల్‌బోర్న్‌లో నాల్గవ స్థానము పొందినది. జకార్తా విజయము తరువాత ఏడాది తిరుగకుండానే, 1963 జూన్ 11న ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆయనపై 2024లో ఒక హిందీ చలనచిత్రము వచ్చినది. చలనచిత్రము వచ్చేవరకు మనకు గుర్తురాకపోవుట వేరే సంగతి.

ఇంత చరిత్రకు అచ్చులో మిగిలినది ఏమిటి? ఈ ప్రశ్న నాకు పుస్తకముల వలన పుట్టలేదు. మా వీధిలో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఓడరేవులో పనిచేసి విరమించినవారు; వీధిలో హిందువులకు, ముస్లిములకు, క్రైస్తవులకు అందరికీ ఆయన చాచాయే. యౌవనములో హైదరాబాదులో ఉన్నప్పుడు ఆ జట్టు ఆట కళ్ళారా చూచినవారు. ఆయన ఇనుప పెట్టెలో ఉర్దూలో అచ్చయిన పాత టోర్నమెంటు సావనీరు ఒకటి, కొన్ని ప్రవేశపు టిక్కెట్లు, పత్రికల కత్తిరింపులు ఉండేవి. ఆటగాళ్ళ పేర్లు, వారి స్థానములు, ప్రకటనలిచ్చిన దుకాణముల పేర్లు సహా చదివి వినిపించేవారు. “బేటా, నీకు ఉర్దూ రాదు. ఒకనాడు తీరికగా కూర్చుంటే నేను చదువుతాను, నువ్వు తెలుగులో వ్రాసుకో” అన్నారు. పరీక్షలు కానివ్వండి చాచా, అన్నాను. పరీక్షలు అయినవి, ఇంకొక సంవత్సరము పరీక్షలు కూడ అయినవి. ఆయన పోయిన తరువాత ఇల్లు ఖాళీ చేస్తూ ఆ పెట్టెలోని కాగితములను తూకానికి అమ్మివేశారని తెలిసినది. ఇంటివారిని నేను తప్పుపట్టను. వారి పిల్లలలో ఆ లిపి చదువగలవారు ఎవరూ లేరు. చదువలేని కాగితము ఎవరికైనా చిత్తు కాగితమే.

ఇతర దేశములలో ఇందుకు భిన్నముగా జరుగుతున్నది. కెనడాలో మంచుపై ఆడే హాకీ ఒకటి ఉన్నది. అందులో మాంట్రియల్ కెనడియన్స్ అన్న వృత్తి జట్టు 1909లో పుట్టినది. అటువంటి జట్లు పోటీనాటి కార్యక్రమ పత్రములను, ప్రతి ఆటగాని వివరములతో వార్షిక పుస్తకములను దశాబ్దముల తరబడి అచ్చువేశాయి. తాత చూచిన ఆటలో గోలు ఎవరు చేశారో మనుమడు పుస్తకము తెరచి తెలుసుకోగలడు. ఇంగ్లండులో 1882 నాటి ఎఫ్.ఏ. కప్ అంతిమ పోటీ కార్యక్రమ పత్రము 2013లో జరిగిన వేలములో ముప్పైఅయిదు వేల పౌండ్లకు పైగా పలికినది. అంత దూరము పోనక్కరలేదు. మోహన్ బగాన్ 1911లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన కథ బెంగాలీ పిల్లలకు నోటికి వచ్చును. వ్రాసినవారు ఉన్నారు, అచ్చువేసినవారు ఉన్నారు, కొని చదివినవారు ఉన్నారు. మనవైపు మద్రాసు నుండి వెలువడిన ‘స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్’ అన్న ఆంగ్ల వారపత్రిక ఉండేది. అదియు 1968లో ఆగిపోయినది. సికింద్రాబాదులో పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడి అక్కడ ఆరాధ్యుడయ్యాడు. 2023లో ఆయన మరణించినప్పుడు మన ఊళ్ళో ఆ పేరు ఎవరిదని అడిగినవారే ఎక్కువ.

ఇప్పుడు అంతా ఫోనులో ఉన్నది కదా, కాగితము ఎందుకని మిత్రులు వాదిస్తారు. నిజమే, 2014లో ప్రో కబడ్డీ ప్రారంభమైనప్పటి నుండి తెలుగు టైటాన్స్ ఆడిన ప్రతి కూత లెక్కయు ఫోనులో దొరుకుతుంది. మన విశాఖలో ఆడిన పోటీలవి కూడ అందులో ఉన్నవి. కాని ఫోనులో ఉన్నది ఎవరో ఒకరు ఎక్కించినదే. 1950లో ఎవరూ వ్రాసి పెట్టనిది 2014 తరువాతి యంత్రము ఎక్కడి నుండి తెచ్చును? డ్యూరాండ్ మొదటి విజయమునకే ఒక పట్టికలో 1950 అని, మరొక పట్టికలో 1950-51 అని ఉండును. పెద్ద పోటీల సంగతే అట్లున్నప్పుడు ఓడరేవు మైదానములో, ఉక్కునగరములో, మన కళాశాలల మధ్య జరిగిన ఆటల గతి చెప్పనక్కరలేదు.

అందుచేత కళాశాల సంఘమువారికి నా విన్నపము చిన్నది. క్రీడా పుటలో “మా జట్టు వీరోచితముగా పోరాడినది” వంటి వాక్యములు తగ్గించి, ఏ తేదీన, ఏ మైదానములో, ఎవరిపై ఆడారో, ఎన్ని గోళ్ళు చేశారో, ఆడినవారి పూర్తి పేర్లేమిటో రెండు భాషలలోను అచ్చువేయించండి. రెండు లిపులూ తెలిసిన విద్యార్థులు ఇప్పటికీ మన తరగతులలో ఉన్నారు. ఈ పనికి వారికన్న తగినవారు లేరు. ఇండ్లలో పడియున్న పాత సావనీర్లను, టిక్కెట్లను, ఛాయాచిత్రములను తెమ్మని నోటీసు పెట్టండి. నకలు తీసుకుని భద్రముగా తిరిగి ఇస్తే చాలును. గ్రంథాలయములో ఒక అలమారా కావలెను. మన ఊరి ఉప్పుగాలికి కాగితము త్వరగా పాడగును గనుక దానికి గట్టి తలుపులు కూడ కావలెను. వార్షికోత్సవపు పూలదండలకయ్యే ఖర్చులో ఇది కొంత భాగమైనా కాదు.

గత సంచికలో ఫుట్‌బాల్ జట్టు ఛాయాచిత్రము వేశారు. ఆరుగురు నిలబడి ఉన్నారు, అయిదుగురు కూర్చుని ఉన్నారు. దాని క్రింద ‘మన ఫుట్‌బాల్ జట్టు’ అని మాత్రమే ఉన్నది. కూర్చున్నవారిలో ఇద్దరిని నేను ఎరుగుదును, ఇప్పుడు గాజువాకలో పనిచేస్తున్నారు. అడిగితే మిగిలిన తొమ్మండుగురి పేర్లు ఈ వారములోనే చెప్పగలరు.