పేరు తెలిస్తేనే పరిరక్షణ

కనిపించిన జీవి ఏదో తేల్చుకోలేనప్పుడు దానిని కాపాడే ప్రసక్తే తలెత్తదు. దేశంలో వేలాదిమంది ప్రకృతి ప్రేమికులు ఒకరికొకరు తోడ్పడుతూ పక్షులను, మొక్కలను, సీతాకోకచిలుకలను పోల్చుకుంటున్నారు. దీనిని తీరిక వేళల కాలక్షేపంగా కొట్టివేయడం తగదు. ప్రభుత్వ యంత్రాంగం చేయవలసిన పనిలో గణనీయమైన భాగాన్ని వీరు ప్రతిఫలం ఆశించకుండా నిర్వర్తిస్తున్నారు.

2023లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక ఇందుకు నిదర్శనం. 13 సంస్థలు కలిసి రూపొందించిన ఆ నివేదికకు 30 వేల మందికి పైగా పరిశీలకులు సేకరించిన వివరాలే ఆధారం. అందులో 942 జాతులను మదింపు చేయగా, 178 జాతుల పరిరక్షణకు అత్యధిక ప్రాధాన్యం అవసరమని తేలింది. దసరానాడు కనిపిస్తే శుభమని తెలుగువారు నమ్మే పాలపిట్ట సంఖ్య సైతం తగ్గుముఖం పట్టిందని నివేదిక హెచ్చరించింది.

ఔత్సాహికుల మాటను ఎంతవరకు నమ్మవచ్చునన్న సందేహం సహజమే. అయితే ఒకరు చూశామన్నంత మాత్రాన అది లెక్కకు రాదు. ఆ ప్రాంతంలోనో, ఆ రుతువులోనో సాధారణంగా కనిపించని పక్షిని నమోదు చేస్తే, అనుభవజ్ఞులైన స్వచ్ఛంద కార్యకర్తలు ఫొటో గానీ, కూత గానీ, సవివరమైన వర్ణన గానీ కోరతారు. ఆధారం చాలకపోతే నిరాకరిస్తారు. ఈ దిద్దుబాటు ద్వారానే కొత్తవారు నేర్చుకుంటారు.

ఈ విజ్ఞానం పట్టణ విద్యావంతుల సొత్తు మాత్రమే కాదు. 1900 తర్వాత జాడలేదని శాస్త్రజ్ఞులు ఆశ వదులుకున్న కలివికోడిని, 1986లో కడప జిల్లాలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు తిరిగి కనుగొనగలిగింది పక్షులు పట్టే స్థానికుల సాయంతోనే. దాని ఆవాసం కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాతి కాలంలో తెలుగుగంగ కాలువ మార్గాన్నే మార్చవలసి వచ్చింది. ఒక పక్షిని సరిగా గుర్తించడం వల్ల ప్రజాధనంతో చేపట్టే నిర్మాణాల గతి కూడా మారుతుందనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

ఇంత ప్రయోజనం పొందుతున్న ప్రభుత్వాలు ఈ కృషికి ఇస్తున్న చేయూత స్వల్పం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలని నిర్దేశించింది. కాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా విధించేవరకు చాలా రాష్ట్రాలు మేల్కొనలేదు. గడువు కోసం నింపిన పుటలు చెట్టునూ పిట్టనూ కాపాడలేవు.

స్వచ్ఛంద కృషికీ పరిమితులున్నాయి. పై నివేదికలోని 942 జాతులలో దీర్ఘకాలిక ధోరణి నిర్ధారించడానికి తగిన సమాచారం లభించింది 338 జాతులకే. పరిశీలకులు తక్కువగా ఉన్న ప్రాంతాలలో ఈ లోటు పూడాలంటే, ప్రాంతీయ భాషలలో స్థానిక నామాలతో కూడిన చేతిపుస్తకాలు చౌకగా లభించాలి. పశువుల కాపరులకు, చెంచులకు, గ్రామ ఉపాధ్యాయులకు రిజిస్టర్ల తయారీలో భాగం కల్పించి, వారి శ్రమకు తగిన వేతనం చెల్లించాలి. సందేహాలు తీర్చే బాధ్యతను జంతు, వృక్ష సర్వే సంస్థల నిపుణులకు అప్పగించాలి. ఉచితంగా అందుతున్న సేవను ఉచితంగానే వాడుకుంటూ పోవడం పొదుపు కాదు, ఉపేక్ష.