మహీలత

తొలకరి పడిన మరునాడు కొండవీటి దిగువ పల్లెల పెరళ్లలో వానపాములు పైకి వస్తాయి. అయిదేళ్ల పిల్ల వాటి ముందు గొంతుకూర్చుని చూస్తుంటే వెనుకనుంచి కేక వినబడుతుంది: “ముట్టుకోకే తల్లీ, పాము!” కొన్ని ఇండ్లలో ఆ కేకతోపాటు గుప్పెడు ఉప్పు కూడ వచ్చి పడుతుంది. ఆ పిల్లకు జంతుశాస్త్రంలో మొదటి పాఠం భయము; రెండవది హింస.

తప్పు కొంత పేరులోనే ఉన్నది. కోరలు సరే, కన్నులైనా లేని ప్రాణిని మనవారు పాము అన్నారు. అమరకోశంలో దీనికి మహీలత అని పేరు. నేలలోని తీగ! ఆ పేరు పెట్టినవాడెవరో గాని, ఒకసారి వంగి చూచి ఉండవలె.

అట్లా చూడడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక గాజుసీసాలో ఇసుక ఒక వరుస, మాగిన పశువుల ఎరువు కలిపిన నల్లమట్టి ఒక వరుస పోసి, పైన రాలిన ఆకులు వేస్తే చాలు. మట్టి తడిగా ఉండవలె గాని నీరు నిలువరాదు. సీసాకు నల్లగుడ్డ చుట్టవలె. కన్నులు లేకున్నా వెలుతురు దాని చర్మానికి తెలుస్తుంది. ఊపిరి కూడ ఆ తడి చర్మంతోనే. ఉప్పు ఆ తడిని పీల్చివేస్తుందని చెబితే పిల్ల మళ్లీ ఉప్పుడబ్బా జోలికి పోదు. రెండు మూడు వారాలకు గుడ్డ విప్పితే వరుసలు కలిసిపోయి ఉంటాయి. “ఎవరు దున్నారు తాతయ్యా?” అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. అంతవరకు తాతయ్య నోరు మెదపకుండుటే మేలు.

చార్లెస్ డార్విను ఈ పనిలో నాలుగు దశాబ్దాలకు పైగా గడిపాడు. 1837లో మొదటి వ్యాసం చదివాడు; గ్రంథం వెలువడినది 1881లో. కుండీలలో వానపాములను పెంచి ఇంటిల్లిపాదిచేత వాటికి సంగీతం వినిపించాడు. కొడుకు ఫ్రాన్సిస్ బసూన్ వాయించాడు. పసివాడైన మనుమడు బెర్నార్డు ఈల ఊదాడట. అవి కదలలేదు. కుండీలను పియానోపై పెట్టి మెట్టు నొక్కగానే బొరియలలోనికి జారుకున్నవి. చెవులు లేవు, అదురు తెలుస్తుంది! ఇంగ్లండులో చాలచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు మించిన మట్టి వీటి కడుపులగుండా పోతుందని ఆయన లెక్క.

ఫెరెటిమా వానపాముకు పట్టీ 14, 15, 16వ ఖండాలలో ఉంటుందని వల్లించిన విద్యార్థులెందరో. అంకెలు నిజమే; ఆ పట్టీని తడిచేతితో తాకి చూచినవారెందరు? రెడ్డిరాజుల కోట చూపడానికి పిల్లలను కొండ ఎక్కించే ఉపాధ్యాయులు, దిగిన తరువాత ఒక్క గడియ కాలికింది నేలను కూడ చూపవచ్చును గదా.

చూచిన తరువాత వాటిని సీసాలో బంధించి ఉంచరాదు. పొద్దు వాలినాక, తీసిన చోటనే, పిల్ల చేతనే విడిపించవలె. ఎండలో వదిలితే చర్మం ఆరి చచ్చిపోతాయి. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చినప్పుడు అవి లోతుకు దిగి ముడుచుకొని పడుకునేది అందుకే.