రాడార్ చిత్రానికి అసలు వయసు చూపాలి

అమెరికాలో నాలుగు సీట్ల చిన్న విమానం నడిపే పైలట్‌కు కూడా ఇవాళ వాతావరణ రాడార్ చిత్రం కాక్‌పిట్‌లోనే దొరుకుతోంది. ఏడీఎస్-బి వ్యవస్థలో భాగంగా నేల మీది స్టేషన్లు 978 మెగాహెర్ట్జ్‌పై దీన్ని ఉచితంగా ప్రసారం చేస్తాయి. చిన్న రిసీవర్, ఒక ట్యాబ్లెట్ ఉంటే చాలు. ముక్కు మీదే ప్రొపెల్లర్ తిరిగే విమానానికి సొంత రాడార్ బిగించడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. వాన ఎక్కడుందో రేడియోలో అడిగి ఊహించుకోవలసిన రోజులతో పోలిస్తే ఇది ఎంతో మేలు. అభ్యంతరమల్లా ఆ చిత్రం పక్కన చూపే వయసు మీదే.

ఈ చిత్రానికి ఆధారం నెక్స్‌రాడ్ రాడార్లు. ఇవి దేశమంతటా సుమారు 160 ఉన్నాయి. వాన కురిసేటప్పుడు ఒక్కో రాడార్ తన పరిధిలోని ఆకాశాన్ని కింది నుంచి పైదాకా గాలించడానికి దాదాపు నాలుగు నుంచి ఆరు నిమిషాలు పడుతుంది. వేర్వేరు సమయాల్లో ముగిసిన ఆ స్కాన్లన్నిటినీ కలిపి ఒకే చిత్రంగా చేస్తారు. ప్రసారం ఆ తర్వాతే. తెర మీద ‘ఒక నిమిషం’ అని ఉంటే అది చిత్రం తయారై గడిచిన కాలం. మేఘాన్ని రాడార్ చూసి ఎంతసేపయిందో అది చెప్పదు. ఈ తేడా ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు ఉండవచ్చని అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో పైలట్లను హెచ్చరించింది. ఆ హెచ్చరికలో ఉదహరించిన ప్రమాదాల్లో 2010 మార్చిలో టెన్నెసీలో కూలిన వైద్య హెలికాప్టర్ ఒకటి. అందులో ఉన్న ముగ్గురూ మరణించారు.

కొన్ని నిమిషాల ఆలస్యానికి ఇంత ఆందోళన ఎందుకని అడగవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కదిలే తుఫాను వరుస 20 నిమిషాల్లో 20 కిలోమీటర్లు జరుగుతుంది. తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 మైళ్లు, అంటే సుమారు 32 కిలోమీటర్లు, దూరంగా ఉండాలని విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చెబుతుంది. తెరను నమ్మి ఆ దూరం పాటించిన పైలట్‌కు నిజంగా మిగిలేది 12 కిలోమీటర్లే కావచ్చు. పైగా మేఘం పక్కకు జరగడమే కాదు, ఆ కాసేపట్లోనే నిలువునా పెరుగుతుంది కూడా. తెరపై రెండు ఎర్రటి మచ్చల మధ్య కనిపించిన ఖాళీ బయట అప్పటికే మూసుకుపోయి ఉండవచ్చు.

ఇదంతా శిక్షణలో నేర్పుతున్నారుగా అంటారు. నిజమే, ప్రసార చిత్రం ముందుగా దారి మార్చుకోవడానికే తప్ప మేఘాల సందుల్లోంచి దూరడానికి కాదని చెబుతారు. ఆ పాఠం అవసరమే. కానీ కుదుపుల్లో, ఇంధనం తగ్గుతున్న వేళ, ఒంటరి పైలట్ కళ్లు తెర మీది అంకెనే పట్టుకుంటాయి. తప్పుదారి పట్టించే అంకెను అక్కడే ఉంచి, దాన్ని నమ్మవద్దని తరగతిలో చెప్పడం న్యాయం కాదు. అమెరికాలో పైలట్ శిక్షణ పొందుతున్న తెలుగు యువతకూ ఇది పట్టించుకోవలసిన విషయమే.

చిత్రంలో కలిసిన అతి పాత స్కాన్ వయసునే తెర మీద చూపించాలి. అంకె పెద్దదైతే పైలట్లు చిత్రాన్నే పక్కన పెట్టేస్తారన్న వాదనకు బలం లేదు. అంకె పెద్దదైనకొద్దీ పైలట్ మేఘానికి ఇంకా దూరం నుంచే మలుపు తీసుకుంటాడు. ఈ ప్రసారం ఉద్దేశించింది ఆ నిర్ణయానికే.