ఇంటికి పదివేలు... మరి వీధికెంత?

వరదొచ్చిన ఇంటికి పదివేలిస్తామంటే ఏ ఇల్లాలు వద్దంటుంది? 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం రూ.550 కోట్లు విడుదల చేసి, ఇంటికి పదివేల చొప్పున పంచడం మొదలుపెట్టింది. తడిసిన బియ్యం, నానిపోయిన పరుపులు, పాడైన ఫ్రిజ్... ఆ డబ్బు అక్కరకొచ్చిన మాట నిజం. ఇంతలో నగరపాలక ఎన్నికలొచ్చాయి. నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపమంది. మీసేవ కేంద్రాల ముందు బారులు తీరిన ఆడవాళ్ళు ఉత్త చేతులతో ఇళ్ళకెళ్ళారు.

అది ఇంటి నష్టం సంగతి. వీధిలో పోయినదాని సంగతో? కొట్టుకుపోయిన రోడ్డు, పూడిపోయిన కాలువ, ఒరిగిన దీపస్తంభం, కూలిన అంగన్‌వాడీ గోడ ఏ ఒక్కరి సొత్తూ కాదు. అందుకే వాటి తరఫున వరుసలో నిలబడేవాళ్ళూ ఉండరు.

మా కొత్తగూడనే చూడండి. చుట్టూ అద్దాల మేడలు, 2023 జనవరి 1న ప్రారంభమైన ఫ్లైఓవరు. మా సందులో మాత్రం ఒక గట్టి వానకు కాలువ మీది బండ లేచిపోయింది. అడిగితే "ఫండ్స్ రాలేదమ్మా" అన్నారు. నాలుగు నెలలు ఆ గుంతలో చెట్టుకొమ్మ నాటి, ఎర్రగుడ్డ కట్టి, బడి వేళకు పిల్లల్ని చెయ్యి పట్టి దాటించాం. 2020 సెప్టెంబరులో ఇదే నగరంలో ఓ పాప తెరిచిన నాలాలో పడి పోయింది. అది తెలిసిన తల్లికి ఆ ఎర్రగుడ్డ ఏం ధైర్యమిస్తుంది చెప్పండి?

నిజానికి డబ్బు లేక కాదు. విపత్తుల చట్టం 2005లోనే వచ్చింది. రాష్ట్ర విపత్తు నిధిలో మన రాష్ట్రాలకు కేంద్రం నూటికి 75, రాష్ట్రం 25 వేస్తాయి. 2021-26కి పదిహేనో ఆర్థిక సంఘం వాటాలు కూడా చెప్పింది. తక్షణ సాయానికి 40 శాతం, తిరిగి నిలబెట్టడానికి 30, ముప్పు తగ్గించడానికి 20, సన్నద్ధతకు 10. చిక్కల్లా ఆ డబ్బు రాష్ట్రం చేతిలో ఉండటం. వంటిల్లు కోడలిది, డబ్బుల డబ్బా మామగారిది! ఉప్పు నిండుకుంటే చీటీ రాసి పంపాలి. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిశాక మాకు అడగాల్సిన గుమ్మం ఇంకా దూరమైంది.

ఆస్ట్రేలియాలో పద్ధతి వేరు. అక్కడి మున్సిపాలిటీలను కౌన్సిళ్ళంటారు. వరదలో రోడ్డు పోతే, దాన్ని ముందున్న స్థితికి తేవడానికయ్యే ఖర్చు నిబంధనల ప్రకారం ప్రభుత్వాల నుంచి రాబట్టుకుంటాయి. కాకపోతే ముందెలా ఉండేదో రుజువు చూపాలి. ఫొటోలైనా సరే.

మనకూ దూరదృష్టి లేకపోలేదు. 1908లో మూసీ ఊరిని ముంచేశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. అది పదివేల పంపకంలా మూణ్ణాళ్ళ ముచ్చట కాలేదు.

కాలువలకూ రోడ్లకూ రావాల్సిన వాటా ఎవరో దయతలిస్తే వచ్చేదిగా కాక, నేరుగా స్థానిక సంస్థకు హక్కుగా రావాలి. ఎంతొచ్చింది, ఏ వీధిలో దేనికి పెట్టారు అన్నది వార్డు ఆఫీసు గోడమీద తెలుగులో రాయాలి. ఈసారి ఓటుకోసం బొట్టుపెట్టి పిలవడానికొస్తే, ఇంటికెంతిస్తారని కాదు, మా కాలువకెంత రాసిపెట్టారని అడుగుదాం. ఈలోగా మీరొక పని చెయ్యండి. తొలకరికి ముందే మీ వీధి కాలువనీ, రోడ్డునీ, బడి గోడనీ ఫోనులో ఫొటో తీసి, తేదీతో సహా దాచి ఉంచండి.